చుట్టూ ఏముందో

గడ్డి ఎండినది కావాలా, పచ్చిది కావాలా అని కొట్టు బాబాయ్ అడిగేసరికి పళ్ళక్క తికమకపడింది. బొమ్మగా చెయ్యాల్సిన ఆ వీధిలో అది ఏ కాలమో తమ్ముడు చెప్పలేదు, తనూ అడగలేదు. వానాకాలమా, ఎండాకాలమా, ఆ వీధిలో అసలు గడ్డంటూ మొలిచిందా, మొలవకపోతే ఈ పొట్లాలన్నీ విప్పించుకుని బల్లంతా పచ్చగా చేసుకుని కూర్చోవడం దేనికి? అయినా మనసు ఊరుకుంటేనా. ఎండుగడ్డి పొట్లం చూడగానే అరచేతిలో ఒంపుకోవాలనిపించింది, పచ్చిది చూడగానే అదీ ఒంపుకోవాలనిపించింది. ఒక్కో పరక కనురెప్ప వెంట్రుకలో సగం కూడా లేదు. తడి జిగురు మీద చల్లి, అట్టని కింద నుంచి వేలితో తడితే చాలు, పరకలన్నీ నిక్కబొడుచుకుని నిలబడతాయి. "రెండూ పక్కన పెట్టండి బాబాయ్" అంది. గొంతులోని సంబరం తనకే వినబడి కాస్త సిగ్గేసింది. నలభై దాటిన మనిషి, పొద్దస్తమానం పళ్ళ డాక్టరుగారి వెనక గదిలో కూర్చుని ఊరందరికీ కట్టుడు పళ్ళు చేసిపెట్టే మనిషి, అందుకే వీధి వీధంతా పళ్ళక్కా అని పిలిచే మనిషి, ఇవాళ పనికి సెలవు పెట్టి మరీ వచ్చి గడ్డి పొట్లాల ముందు కాలు నిలవక తిరుగుతోంది. తిరగనీ. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు తిరుగుతుంది.

కొట్టు బాబాయ్ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. నుదుటికి నల్ల పట్టీతో భూతద్దం కట్టుకుని ఉంటాడు, నిద్రలో కూడా తియ్యడని ప్రతీతి, కాబట్టి వెనకాల అందరికీ ఆయన భూతద్దం. సరుకునీ దాంతోనే చూస్తాడు, సరుకు కోసం వచ్చిన మనిషినీ దాంతోనే చూస్తాడు. కింద సైకిళ్ళు బాగుచేసే షాపు, దాని పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన ఈ ఒక్క గది, గదిలో నేలనుంచి కప్పుదాకా సొరుగులు. రైలు బొమ్మల పిచ్చివాళ్ళకి ఒక గోడ, ఇళ్ళ నమూనాలు చేసే ఇంజనీర్లకి ఇంకో గోడ, యుద్ధం బొమ్మల పిచ్చివాళ్ళకి మూడోది. ఏ సొరుగులో ఏముందో రాసిన చీటీలు ఎప్పుడో వెలిసిపోయాయి, ఇప్పుడు ఆయన తలే చీటీ. మధ్యాహ్నం కాగానే కొట్టు కట్టేసి భోజనం చేస్తాడు, చేశాక పడుకుంటాడు, ఆ నిద్రకి అడ్డం పడగల శక్తి ఇంతవరకూ పుట్టలేదు. అంటే ఇంకో గంట ఉంది. గంటలో నేల, గోడలు, చెట్లు, ఒక వీధి మొత్తం తేలాలి. పళ్ళక్క కిటికీలోంచి తొంగి చూసింది. కింద సైకిలు షాపు బెంచీ మీద తమ్ముడు కూర్చునే ఉన్నాడు, బాగులేని కాలు చాపుకుని, బాగున్న చెవి రోడ్డు వైపు పెట్టి. ఒళ్ళో అట్టపెట్టె. పెట్టె మీద రెండు చేతులూ. మెట్ల దగ్గర ఆగిపోయి, "నువ్వెళ్ళక్కా, కాలు లాగుతోంది" అన్నాడు. కాలు కాదు లాగేది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పోనీ ఇంతదూరం వచ్చాడు. ఇల్లు కదిలి, బస్సెక్కి, ఆ పెట్టెని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చాడు. అది తలచుకుంటేనే ఆమెకి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

పెట్టెలో లారీ ఉంది. మిలిటరీ లారీ, రెండు అగ్గిపెట్టెలంత పొడుగు, వెనక గుడ్డ టాపు, టాపు కింద బల్లల మీద నలుగురు కుర్రాళ్ళు, ముందు స్టీరింగు దగ్గర ఒకడు. ఆ ఒకడు తమ్ముడే. అంతా వాడే అతికాడు, వాడే రంగులు వేశాడు, అయిదుగురి మూతులూ బిగించి ఉన్నాయి, అంత చిన్న మొహాల మీద బిగించిన మూతులు ఎలా వేశాడో. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చాక అంతకాలం ఏ వస్తువునీ ఇష్టంగా ముట్టుకోనివాడు, టైర్ల దుకాణానికి వెళ్ళడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప ఇంకోటి ఎరగనివాడు, ఒక సాయంత్రం ఆమె పనినుంచి వచ్చి తలుపు తియ్యగానే ఇల్లంతా జిగురు వాసన. చిన్నప్పటి వాసన! చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. వాడు తలెత్తకుండా "మలుపు దాకా చేద్దాం అక్కా" అన్నాడు. ఏ మలుపని అడగాల్సిన పనిలేదు. మలుపు తిరిగాక లారీకి ఏం జరిగిందో పేపర్లలో వచ్చింది, ఆ నలుగురిలో ఎవరు మిగిలారో ఎవరు లేరో అందరికీ తెలుసు. మలుపుకి ముందు వీధి ఒకటి ఉంది కదా, ఆ వీధి గురించి ఏ పేపరూ రాయలేదు. వాడికి కావలసింది ఆ వీధి. "లారీ గుర్తుంది, మనుషులు గుర్తున్నారు, చుట్టూ ఏముందో ఎంత ఆలోచించినా రావట్లేదు. చుట్టూ ఉండేది నువ్వు పెట్టు" అన్నాడు. అంతే, ఆ మాట వాడి నోట్లోంచి రావడమే ఆలస్యం, ఆమె ఈ కొట్టుకి పరుగెత్తుకొచ్చి కూలిపోయిన గోడ ఒకటి, ఇటుకల కుప్ప ఒకటి, మసిబారిన కిటికీ ఒకటి కొనుక్కుపోయింది. కొనేముందు ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. యుద్ధం బొమ్మ చేసే ప్రతివాడూ పెట్టేది అదే, పోటీల్లో బహుమతి కొట్టేదీ అదే, చేతులకి అదే అలవాటు. వాడు చూశాడు. అలా చూస్తూ ఉండి "ఇలా లేదు" అన్నాడు. లారీ మీద తువ్వాలు కప్పేసి, బీరువా పైన పెట్టేశాడు. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండలొచ్చాయి, తువ్వాలు కదల్లేదు. ఇవాళ పొద్దున కదిలింది. తువ్వాలు తీసి, దుమ్ము వాడే తుడిచి, "కొట్టుకి నేనూ వస్తా, ఈసారి కూడా కుదరకపోతే మాత్రం ఇంక వదిలేద్దాం" అన్నాడు. వదిలేద్దాం అంటే లారీని మాత్రమే కాదని ఆమెకి తెలుసు.

కాబట్టి ఇవాళ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఏరాలి. జేబులోంచి చిన్న డబ్బా తీసింది, పని దగ్గర ఒంటి పన్ను పెట్టుకునే డబ్బా. అందులో దూదిలో ఒక సిపాయి. లారీలోవాడు కాదు, కొలతకి తెచ్చుకున్న అదనపు సిపాయి, నిజం మనిషిలో డెబ్భై రెండో వంతు, చూపుడువేలి కొస కణుపంత ఉంటాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ జేబులో సిపాయి లేకుండా కొట్టుకి రారు. అన్నీ చిన్నవే కదా అని కంటికి నచ్చింది కొనుక్కుపోతే ఇంటికెళ్ళాక తెలుస్తుంది, తలుపు మోకాలి దాకా, బకెట్టేమో స్నానాల తొట్టంత. అందులోనూ రైలు బొమ్మల గోడ ఉందే, అది మహా మోసం, అక్కడివన్నీ ఎనభై ఏడో వంతు, చూడ్డానికి ఇవే అనిపిస్తాయి, పక్కన పెడితే గానీ బండారం బయటపడదు. బాబాయ్ సొరుగు లాగి నూనె పీపాలు బల్లమీద పోశాడు. ఒక్కో పీపా పక్కనా సిపాయిని నిలబెట్టింది, నడుం దాకా వచ్చింది, సరిపోయింది, ఆహా, ఈ పీపా మూత మీద తుప్పు ఎంత బాగా వేశాడో మహానుభావుడు! ఇసుక బస్తాలు, పేర్చినవి, కుట్టు కూడా కనబడుతోంది. ముళ్ళ తీగ, తల వెంట్రుకంత సన్నం. పాలక్యాన్లు. కర్రపెట్టెలు, మూతలు ఊడదీసినవీ బిగించినవీ. దీపస్తంభాలు. రేకు కోసి చేసిన సైకిలు, దాని చక్రానికి ఊచలు కూడా ఉన్నాయి, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేలా ఉంది, కింద షాపులో బాగుచేసేవాళ్ళు చూస్తే ముక్కున వేలేసుకుంటారు. సైకిలు ఉందా ఆ వీధిలో? ఉండొచ్చు. సైకిలు లేని వీధి ఎక్కడుంటుంది. పెట్టండి బాబాయ్, అదీ పక్కన పెట్టండి.

నేల ఎప్పుడూ ఆమెదే. చిన్నప్పుడు మంచం కింద ఇద్దరి రాజ్యం, వాడు మట్టితో ట్యాంకులు చేసేవాడు, చక్రాలకి సీసా మూతలు, తుపాకీకి చీపురుపుల్ల, వాటిమీద ఈగని వాలనిచ్చేవాడు కాదు. ఆమె కొండలు చేసేది, నదికి నీలం గాజుముక్కలు, అడవికి స్నానాల పీచు పీకి పచ్చరంగులో ముంచి ఆరబెట్టేది. "మంచం కింద ఊడవడానికి నాకు పాస్‌పోర్టు కావాలేమో" అని అమ్మ చీపురు పట్టుకుని అరిచేది, అమ్మకి భయపడి ఇద్దరూ ఒకే దుప్పట్లో దూరి నవ్వుకునేవాళ్ళు. ట్యాంకులు పెట్టాక వాడికి పని అయిపోయినట్టే, ఆమెకి అప్పుడే మొదలయ్యేది, ఆ ట్యాంకు వెళ్ళిన దారిలో మట్టి అణగాలి కదా, ఆ పక్క పొదలు వంగాలి కదా, ఇక్కడెవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉండాలి కదా. "ఎవరూ చూడరక్కా అవన్నీ" అనేవాడు. "నేను చూస్తాను" అనేది. ఇప్పుడూ అంతే, నేల ఎలా చెయ్యాలో చేతులకి తెలుసు, పళ్ళ అచ్చు పోసే ప్లాస్టరు కన్నా మంచి నేల లేదు, గట్టిపడే ముందు పాత బ్రష్షుతో పొడిస్తే మట్టి, దువ్వెనతో గీస్తే దున్నిన చేను, వేలిముద్ర ఆనిస్తే తడి. రంగు అంటారా, తెలుపంటూ ఈ లోకంలో లేదని ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు, పళ్ళల్లోనే ఎన్ని పసుపులు, ఎన్ని బూడిదలు! మట్టిరంగు పొట్లాలు వరసగా పరిపించింది, ఇటుక రంగు, బెల్లం రంగు, బూడిద కలిసినది, నల్లది. ఏది? ఏ మట్టి మీదరా నాన్నా నువ్వు లారీ తోలింది? కిటికీలోంచి అరిచి అడుగుదామా అనుకుంది, అడిగితే "తెలీదు" అంటాడు, ఆ తెలీదు అనేటప్పుడు వాడి మొహం చూడటం ఆమె వల్ల కాదు.

బల్ల నిండిపోయింది. బాబాయ్ భూతద్దంలోంచే ముందు బల్లనీ, తరవాత ఆమె మొహాన్నీ చూశాడు. "ఊరు మొత్తం కొంటావా ఏంటమ్మాయ్? నా మాట విని ఆ పడిపోయిన గోడ ఇంకోటి తీసుకెళ్ళు. యుద్ధమంటే గోడ పడాల్సిందే, లేకపోతే చూసేవాడికి యుద్ధమని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. సొరుగు లాగనే లాగాడు. మళ్ళీ అవే గోడలు, అవే మసి కిటికీలు, ఎంత అందంగా కూలిపోయాయో, పగులు పగులుకీ పనితనం, చూస్తే చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పటిదాకా ఉన్న ఉత్సాహం ఒక్కసారిగా నీరుగారిపోయింది. ఇవన్నీ తను ఏరింది దేన్ని బట్టి? కంటికి నచ్చడాన్ని బట్టి. బాబాయ్ అన్నట్టు చూసేవాడి కోసం. వాడి వీధిని ఆమె చూసిందా పెట్టిందా, ఈ పీపాలు ఉన్నాయో లేదో ఎవరికి తెలుసు, ఈ బస్తాలు, ఈ తీగ, ఈ సైకిలు, ఇవన్నీ తీసుకెళ్ళి నెలంతా కూర్చుని అతికి, మురిసిపోయి, తువ్వాలు తీసి చూపిస్తే వాడు మళ్ళీ ఆ రెండు మాటలూ అంటాడు. ఇలా లేదు. ఎన్ని రాత్రులు వినిపించిందో చెవిలో ఆ గొంతు, కోపం లేదు, విసుగు లేదు, ఎక్కడినుంచో అన్నట్టు, ఇలా లేదు. అచ్చం మొన్న పళ్ళు కట్టించుకోవడానికి వచ్చిన పెద్దాయన గొంతులాగే. పంతులుగారు, ఉద్యోగం చేసిన రోజుల్లో పిల్లల్ని కేకలేసి గడగడలాడించిన మనిషి, నోట్లో ఒక్క పన్ను లేక బిక్కమొహం వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. మీ పాత పళ్ళు ఎలా ఉండేవండీ అంటే ఏం చెప్తాడు, ఎవరైనా ఏం చెప్తారు, తన పళ్ళు ఎలా ఉండేవో ఎవడికి గుర్తుంటుంది. అందుకే కదా ముందు మైనంలో పళ్ళు గుచ్చి పెట్టి చూసేది. అద్దం చేతికివ్వగానే ఆయన చూసుకుని, నాలిక తిప్పి, "అబ్బే, ఇలా లేవమ్మా" అన్నాడు. ఎలా లేవండీ? "ముందుది ఇంత నిటారుగా ఉండేది కాదు." తిప్పింది. "ఇలా కాదు, ఇంకో పక్కకి." ఇంకో పక్కకి తిప్పింది. "ఆ! ఆ రెంటి మధ్య సందు ఉండేది, అందులోంచి ఈల వేసేవాణ్ణి!" అని కుర్చీలోంచి లేచిపోయినంత పని చేశాడు. ఈల సంగతి ఆయనకి అప్పటిదాకా గుర్తే లేదు. వచ్చే ప్రతివాళ్ళూ మొట్టమొదట అనేమాట అదే కదా, ఇలా లేవు, ఇలా లేవు, రోజుకి ఎన్నిసార్లు వింటుంది, విని బాధపడుతుందా, మైనం వేడిచేసి పన్ను తిప్పుతుంది. ఇలా లేవు అన్నవాడికి ఎలా ఉన్నాయో లోపలెక్కడో తెలిసే ఉంటుంది, లేకపోతే అలా ఎలా అనగలడు!

పళ్ళక్క నుదురు కొట్టుకుంది. బుద్ధి ఉందా నాకు, అనుకుంది, ఊళ్ళోవాళ్ళందరికీ మైనం పెట్టి చూపించి, సొంత తమ్ముడికి ఒకే ఒక్క గోడ, అదీ గట్టిగా అతికేసి, తీర్పు చెప్పమన్నట్టు ముందు పెట్టింది. వాడు చెప్పాడు. చెప్పింది నిజమే చెప్పాడు. అక్కడ ఆగిపోయింది తను! వాడు తువ్వాలు కప్పితే తను అడగొద్దా, ఎలా లేదురా అని, ఏది లేదురా అని. "బాబాయ్, ఒక పళ్ళెం ఇవ్వండి, పెద్దది" అంది. కూలిన గోడ తీసి పళ్ళెంలో పెట్టింది. మసి కిటికీ పెట్టింది. పీపాలు, బస్తాలు, తీగ, సైకిలు, పాలక్యాన్లు, రెండు రకాల గడ్డీ, నాలుగు రకాల మట్టీ పొట్లాలతో సహా, ఒక మంచి గోడ, ఒక కంచె, బావి, కోళ్ళు, చెట్టు, ఎండిన చెట్టు, చేతికందింది అందినట్టు వేసింది, ఇప్పుడు ఏది సరైనదో అన్న బెంగ లేదు, ఎన్ని తప్పులుంటే అంత మంచిది. "ఇవన్నీ కిందకి పట్టుకెళ్ళి మావాడికి చూపించాలి" అంది. బాబాయ్ అడ్డంగా నిలబడ్డాడు. కొనకుండా సరుకు గడప దాటకూడదు, అది ఈ కొట్టు శాసనం. ఒకప్పుడు ఎవరో మెట్ల మీద పావురాల పొట్లం విప్పి చూడబోతే గాలికి మొత్తం పోయాయట, ప్లాస్టిక్ పావురాలు ఎగరడం లోకంలో అదొక్కసారేనని ఇప్పటికీ చెప్పుకుని బాధపడతాడు. "వాణ్ణే పైకి రమ్మను" అన్నాడు. "రాలేడు బాబాయ్." "ఎందుకు రాలేడు?" ఆమె కిటికీ వైపు చూపించింది. ఆయన భూతద్దం కళ్ళమీంచి పైకి తోసుకుని, ఉత్త కళ్ళతో కిందకి చూశాడు. బెంచీ మీద కూర్చున్న మనిషిని, చాపిన కాలుని, పెట్టె మీద చేతుల్ని చూశాడు. తనే పళ్ళెం ఎత్తాడు. మీద పాత దినపత్రిక కప్పి, దానిమీద గడ్డం ఆనించి పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కవాటంగా దిగాడు, వెనకాల పళ్ళక్క, ఆమె కాళ్ళు మెట్లకి ఆనుతున్నాయో లేదో ఆమెకే తెలియలేదు.

రోడ్డు మీద గాలి వీస్తోంది. బాబాయ్ గాలికి వీపు పెట్టి గొడుగులా వంగాడు, పళ్ళక్క పత్రిక తీసింది. తమ్ముడు పళ్ళెం వంక, అక్క వంక చూశాడు. "ఏంటక్కా ఇది, సంతా?" అన్నాడు. "ఆ వీధిలో ఏవి లేవో చెప్పరా. ఉన్నవి నాకక్కర్లేదు. ఏవేవి లేవో తీసి పడెయ్" అంది. వాడు అర్థంకానట్టు చూశాడు. ఆమె కూలిన గోడ వాడి అరచేతిలో పెట్టింది. "ఇలా లేదు కదా?" "లేదు." "పడెయ్." వాడు దాన్ని పక్కన పెట్టాడు. బస్తాలు? "లేవు." తీగ? "లేదు, మేం లోపలికి వచ్చేశాం అప్పటికి, ఇది ఊరు." ఊరు! ఊరట! ఆమె వెంటనే పీపా అందించింది, మొహంలో ఏమీ కనపడకూడదు, పని దగ్గర మైనం పళ్ళు తిప్పేటప్పుడు ఎంత మామూలుగా ఉంటుందో అంత మామూలుగా ఉండాలి. పీపాలు లేవు. గడ్డి లేదు, ఎండిందీ లేదు పచ్చిదీ లేదు, రాళ్ళు పరిచిన వీధి. కోళ్ళు లేవు. బావి లేదు. సైకిలు చేతిలోకి తీసుకుని కాసేపు చూసి "బాగుంది, కానీ లేదు" అన్నాడు, పోనీలే అది నేను ఉంచుకుంటాను, అనుకుంది ఆమె. ఒక్కో లేదుకీ పళ్ళెం ఖాళీ అవుతోంది, ఒక్కో లేదుకీ వాడి వేళ్ళు త్వరత్వరగా కదులుతున్నాయి, సైకిలు షాపు ఆయన పంక్చరు వదిలేసి లేచి వచ్చాడు. చివరికి మంచి గోడ మిగిలింది, నున్నటి గోడ, తెల్లది, ఏ పగులూ లేనిది. వాడు దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. దించలేదు. "గోడ ఉంది. ఇలాంటిదే, పొడుగ్గా, మలుపు దాకా. పడిపోలేదు. ఏమీ కాలేదు దానికి" అన్నాడు. "ఇలాగే ఉందా?" "ఇలా లేదు" అన్నాడు. ఎన్ని నెలలు ఆమెని చంపిన మాట అది! ఇప్పుడు దాన్ని విని ఆమె ఒళ్ళు పులకరించింది. "ఎలా లేదు?" "సగమే తెల్లగా ఉంది. సగం పాత గోడే. తెల్లగా ఉన్న సగం..." కళ్ళు చిట్లించాడు. "తడిగా ఉంది. మెరుస్తోంది. అక్కా, సున్నం వేస్తున్నారు! అక్కడ ఒకాయన సున్నం వేస్తున్నాడు, నిచ్చెన మీద!"

ఆ మాట పూర్తయ్యేలోపు బాబాయ్ అక్కడ లేడు. పళ్ళెం ఆమె చేతుల్లో కుక్కి, ఆ వయసులో ఆ మెట్లు అంత వేగంగా ఎక్కగలడని ఆయనకి కూడా తెలిసి ఉండదు, పైన సొరుగులు దడదడా లాగుతున్న చప్పుడు వీధిలోకి వినబడింది. దిగి వచ్చి పిడికిలి విప్పాడు. నిచ్చెన, నిచ్చెన మీద మనిషి, చేతిలో కుంచె, కింద బకెట్టు. రైలు స్టేషను గోడలకి రంగు వేసే మనిషి. పళ్ళక్క డబ్బాలోంచి సిపాయిని తీసి ఆ మనిషి పక్కన పెట్టింది, ప్రాణం ఉసూరుమంది, రంగు మనిషి తల సిపాయి భుజం దాకా కూడా సరిగ్గా రాలేదు. "రైలు గోడదా బాబాయ్? చిన్నది. పనికిరాదు" అంది. తమ్ముడు దాన్ని ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు. "దగ్గర పెడితే చిన్నది. ఆయన దగ్గర లేడు కదక్కా. ఆ చివర ఉన్నాడు, మలుపు దగ్గర" అని, ఒళ్ళోని పెట్టె తెరిచి, లారీని తీసి బెంచీకి ఈ కొసన పెట్టాడు, లేచి కుంటుకుంటూ వెళ్ళి ఆ కొసన నిచ్చెన పెట్టాడు, వెనక్కి వచ్చి లారీ వెనక నేలమీద చతికిలబడి, బెంచీ ఎత్తుకి కళ్ళు ఆనించి చూశాడు. ఆమె కూడా వాడి పక్కన నేలమీద కూర్చుని చూసింది. వీధి ఉంది. పొడుగ్గా, నిశ్శబ్దంగా, చివర్లో ఎవరో తన పని తాను చేసుకుంటున్న వీధి. నేల తయారుచెయ్యడం ఎన్నేళ్ళనుంచో తెలిసిన మనిషి, చిన్నదాన్ని దూరం పెడితే దూరమవుతుందని తనకి ఎందుకు తోచలేదా అని ఒక పక్క ఉడుక్కుంటూ, ఇంకో పక్క చప్పట్లు కొట్టాలన్న ఉబలాటం ఆపుకుంటూ, వాడు ఇంకేమైనా అంటాడేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"హారన్ కొట్టాను" అన్నాడు వాడు, బెంచీ మీంచి చూపు తిప్పకుండా. "నిచ్చెన రోడ్డుకి అడ్డంగా ఉంది. పాపం కంగారుపడి దిగుతూ బకెట్లో కాలు పెట్టాడు. కాలు రాలేదు. అలాగే బకెట్టుతో టకటకమని గెంతుకుంటూ పక్కకి తప్పుకున్నాడు. తప్పుకుని, అక్కడ నిలబడి, కుంచె పట్టుకున్న చేత్తోనే మాకు సెల్యూట్ కొట్టాడు. సున్నం అంతా మొహాన పడింది." సైకిలు షాపు ఆయన ఫక్కున నవ్వాడు. తమ్ముడి భుజాలు కూడా కదులుతున్నాయి. "వెనకవాళ్ళు నా వెనక రేకు మీద దబదబా కొడుతున్నారు, ఒరేయ్ ఆపరా, ఆపు, ఇంకోసారి చూద్దాం అని. నేను ఆపలేదు. తోలుతూనే ఉన్నా, నవ్వుతో కళ్ళల్లో నీళ్ళు, రోడ్డు సరిగ్గా కనపడట్లేదు నాకు. మలుపు దాకా నవ్వుతూనే ఉన్నాం అక్కా." పళ్ళక్క వాడి మోచెయ్యి పట్టుకుంది. వాడు విడిపించుకోలేదు. లారీని ఎత్తి, టాపు కింద కూర్చున్న నలుగురినీ, ముందు కూర్చున్న ఒకణ్ణీ, బిగించిన ఆ అయిదు మూతుల్నీ దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు.

"మొహాలన్నీ తప్పు వేశాను. మళ్ళీ వెయ్యాలి" అన్నాడు. లారీని అక్క చేతిలో పెట్టి, బెంచీ పట్టుకుని లేచి, "సన్న కుంచెలు ఏ సొరుగులో ఉంటాయి బాబాయ్?" అంటూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు.